పాదాలు లేని పటం

రాండ్రి బిడ్డా, ఇట్ల దగ్గరికి జరగుండ్రి. ఆ తుమ్మ మొద్దును జర ముందుకు నూకు, మంట అందుకుంటది. చలికాలం మా నాయిన ఇదే జాగల నెగడు ఏస్తుండె. అప్పట్ల తుక్కుగూడకెళ్ళి పట్నం దాకా చేన్లు, బండలు, సీతాఫలం చెట్లే. పొద్దుగూకితే నక్కలు కూస్తుండె. ఇప్పుడు జూడు, నెత్తి మీదికెళ్ళి ఇమానాలు శంషాబాదుల దిగుతున్నయి, అవుటర్ మీద లారీల సప్పుడు తెల్లార్లు ఆగదు.

పొద్దున చిన్నోడు అడిగిండు. "తాతా, మా దోస్తు వాళ్ళింట్ల క్రిస్మస్‌కు కొత్త ఫ్లెక్సీ కట్టిండ్రు. ఏసు ప్రభువు, పన్నెండుమంది శిష్యులు, భోజనం బల్ల. అసొంటిది నువ్వు చేత్తోని గీసినవంట గదా?" గీసిన బిడ్డా. ఎనిమిది ఫీట్ల పటం. అది ఇప్పుడు మన అటక మీదనే ఉన్నది. దాని ముచ్చట మీ నాయినకు గూడ పూరా చెప్పలే. ఇయ్యాల చెప్త.

నాకు పదిహేనేండ్లు అప్పుడు. చదువు అబ్బలే, గాని బొగ్గు దొరికితే గోడ మీద బొమ్మ పడుతుండె. మా మేనమామ నన్ను పట్నం తోలుకపోయి సినిమా బ్యానర్లు రాసే ఒక ఉస్తాదు తాన పెట్టిండు. మొదటి రెండేండ్లు బ్రష్‌లు కడుగుడే పని. మార్కీను గుడ్డను చట్రానికి గుంజి కట్టుడు, సరేసు కాచి పూసుడు, ఆరినంక జింక్ తెలుపు పూసి గరుకు కాగితం పట్టుడు. పొడి రంగును అవిసె నూనెల నూరుడు. చేతులకు తార్పీను వాసన ఎంత కడిగినా పోకపోతుండె. పండుగకు ఇంటికొస్తె మా అమ్మ నా చెయ్యి వాసన జూసే "వచ్చినవా కొడుకా" అంటుండె.

మూడో ఏడు గళ్ళు గీసుడు నేర్పిండు. ఫొటో మీద అంగులానికి ఒక గడి, గుడ్డ మీద ఫీటుకు ఒక గడి. చిన్న గడిల ముక్కు కొన యాడున్నదో, పెద్ద గడిల గూడ సరిగ్గ ఆడనే ఉండాలె. గడి తప్పితే హీరో మొఖం వంకర పోతది. ఇళ్ళు, రోడ్లు ఎయ్యాల్నంటే గుడ్డ నడుమ ఒక మొల కొట్టి, దానికి సుద్ద దారం కట్టి, నలుదిక్కులా గుంజి టప్పుమని కొట్టేది. ఆ గీతలన్నీ మొల తాననే కలుస్తయి. అప్పుడు దూరం దూరం లెక్క కనబడతది, దగ్గర దగ్గర లెక్క కనబడతది. ఇది యాది పెట్టుకోండ్రి, మల్ల దీని తానికే వస్త.

ఉస్తాదు గల్లీకి దగ్గర్లనే గన్‌ఫౌండ్రీ గుడి ఉన్నది. జోజప్పగారి గుడి. మిలాన్ అనే ఊరికెళ్ళి వచ్చిన ఇటలీ స్వాములు కట్టిచ్చిండ్రు, 1875 క్రిస్మస్‌కు తెరిచిండ్రు. పగటిపూట ఎండ కొడితే నేను అందుల పోయి కూసుందును. మనది పోచమ్మను మొక్కే ఇల్లు. నాకు ఆ ప్రార్థనలు ఎరుక లేదు. నేను పటాలు జూడనీకి పోయేది. పెద్ద పెద్ద కండ్లు, పైకి జూసే మొఖాలు, గుడ్డ మడతల మీద పడ్డ ఎలుగు. మా బ్యానర్లల్ల రంగు కొట్టొచ్చినట్టు ఉంటది, రోడ్డు మీదికెళ్ళి పోయేటోడు ఆగి జూడాలె గద. ఈ పటాలల్ల రంగు లోపలికెళ్ళి వస్తుండె. అదెట్ల వస్తదో నాకు సమజ్ కాకపోతుండె. ఉస్తాదును అడిగితే, ఒక పొర ఆరినంక దాని మీద పల్చగ ఇంకో పొర, అట్ల పది పొరలు, ఓపిక ఉన్నోనికే అన్నడు.

ఆడ ఒక ముసలి ఫాదర్ ఉండె. ఇటలీ ఆయన, మిలాన్ దిక్కే. నలభై ఏండ్లు మన దిక్కు తిరిగి తెలుగు బాగ నేర్చిండు, గాని పుస్తకం తెలుగు. సెయింట్ అననే అనడు. "అర్చ్యశిష్ట జోజప్పగారు, అర్చ్యశిష్ట అంతోనిగారు" అని నిండుగ అంటుండె. నేను రోజు పోయి పటం ముంగల నిలబడుడు జూసి, ఒకనాడు తన అర్రలకు పిలిచి ఒక పెద్ద బుక్కు తెరిచిండు. ఐదొందల ఏండ్ల కింద ఇటలీల గీసిన బొమ్మలు. నా కండ్లు తెరుచుకున్నది ఆనాడే.

ఆ బుక్కుల పునీతులందరికీ గుర్తులుంటయి బిడ్డా. శంఖు చక్రాలు జూస్తె మనం విష్ణుమూర్తి అంటం గద, అట్లనే. చేతిల తాళపు చెవులుంటే పేతురు. కత్తి ఉంటే పౌలు. ఒళ్ళంత బాణాలు దిగి ఉంటే సెబాస్తియన్. పక్కన సింహం పండుకొని ఉంటే జెరోము. తాంబాళంల రెండు కండ్లు పెట్టుకొని నిలబడితే లూసీయమ్మ. ముండ్ల చక్రం ఉంటే కత్తరీనమ్మ, ఆ చక్రానికి కట్టి సంపాలని జూసిండ్రంట ఆమెను. రఫాయేలు అనే ఆయన గీసిన కత్తరీనమ్మ అదే చక్రం మీద చెయ్యి ఆనించుకొని, పొలం గట్టు మీద నిలబడ్డట్టు నిలబడి, మొగులు దిక్కు జూస్తుంటది. సంపనీకి తెచ్చిన చక్రం మీద ఆనుకొని నిలబడ్డది! ఆ ఒక్క బొమ్మను నేను నాలుగుసార్లు గీసిన. నాలుగుసార్లు గూడ మెడ తిరిగిన తీరు నాకు దొరకలే.

మరియమ్మ పైబట్ట నీలం. అన్ని పటాలల్ల నీలమే. ఎందుకు అని అడిగిన. ఆ కాలంల నీలం రంగును ఆఫ్ఘన్ దేశం గుట్టలల్ల దొరికే రాయిని నూరి చేస్తుండ్రి, అది బంగారంతోని సమానం, అందుకే తల్లికి పెడుతుండ్రి అన్నడు ఫాదర్. నేను ఇంటికొచ్చి మీ నాయనమ్మ బట్టలకు పెట్టే నీలిమందు డబ్బా జూసిన. అదే నీలం. రెండొందల ఏండ్ల కింద ఫ్రాన్స్‌ల ఆ రంగును బట్టీల కాల్చి చేసుడు కనుక్కున్నరు, అప్పటికెళ్ళి అగ్గువ అయింది. రాణులకు గూడ దొరకని రంగు మన బాయి కాడ బకెట్ల కలుపుతున్నం అని ఆనాడు మీ నాయనమ్మతోని అంటే, ఆమె రెండు చేతులతోని డబ్బా తీసి మూత పెట్టింది.

ఇగ అసలు ముచ్చట. నేను ఉస్తాదు తాన పని ముగించి సొంతంగ బోర్డులు రాసుకుంటున్న. లగ్గమైంది, మీ నాయిన పుట్టిండు. మన దిక్కు ఒక పల్లెల చిన్న గుడి కట్టిండ్రు, రేకుల కప్పు, సున్నం గోడలు. ఆ ముసలి ఫాదర్ కబురు పంపిండు. "పీఠం వెనుక గోడకు కడరా భోజనం పటం కావలె. ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు. నీవు చేయగలవా?" అని. చేస్త అన్న. ఏది జూసి చెయ్యాలె అంటే ఒక క్యాలెండర్ ఇచ్చిండు.

ఆ బొమ్మ లియోనార్డో గీసింది. మిలాన్‌ల ఒక మఠం ఉన్నది, ఆ సాధువులు బువ్వ తినే సావడి గోడ మీద 1495కెళ్ళి 1498 దాకా గీసిండు. పదిహేను ఫీట్ల ఎత్తు, ఇరవై తొమ్మిది ఫీట్ల పొడుగు. "మీల ఒకడు నన్ను పట్టిస్తడు" అని ప్రభువు అన్న గడియ అది. ఆ మాట ఇనంగనే పన్నెండుమంది ఎట్ల అదిరిపడ్డరో జూడుండ్రి, ముగ్గురు ముగ్గురుగ నాలుగు గుంపులైండ్రు. ఒకడు లేసి నిలబడ్డడు, ఒకడు ఎద మీద చేతులు పెట్టుకున్నడు, "నేనా?" అన్నట్టు. యూదా ఒక్కడే పైసల సంచి పట్టుకొని ఎనుకకు జరిగిండు. మన ఊరి పంచాయితీల దొంగతనం ముచ్చట లేస్తె గూడ మంది అట్లనే గుంపులు పడతరు. నాకు అది గీస్తుంటే ఒక్కొక్క మొఖం ఎరుకైన మనిషి లెక్కనే అనిపిచ్చింది.

గళ్ళు కొట్టినంక నడుమల మొల కొట్టి దారం కట్టిన. పైకప్పు దూలాలు, పక్క గోడలు, అన్ని గీతలు వచ్చి ప్రభువు కణత తాన కలుస్తున్నయి. ఫాదర్‌కు చెప్తె నవ్విండు. ఆ మిలాన్ గోడ మీద గూడ సరిగ్గ ఆడనే, కుడి కణత మీద, మొల దిగిన బెజ్జం ఉన్నదట. లియోనార్డో గూడ మొల కొట్టి దారమే గుంజిండు! ఆ మాట ఇన్నప్పుడు నా ఒళ్ళు జల్లుమన్నది. ఉస్తాదు నాకు నేర్పిన పనే ఆయన ఐదొందల ఏండ్ల కింద చేసిండు.

పటం ముప్పావు వంతు అయింది. అప్పుడు ఒక తిప్పలు వచ్చింది. క్యాలెండర్‌ల బల్ల మీది తెల్ల గుడ్డ దాకనే బొమ్మ ఉన్నది, దాని కింద తేదీల చీటీలు అంటించిండ్రు. నా గుడ్డ మీదనేమో ఇంకా ఫీటు జాగ మిగిలింది. నేను దాన్ని మట్టి రంగుతోని నింపేసిన. ఎవరు జూస్తరు అనుకున్న.

ఆ గుడి ఊడ్చే ముసలమ్మ ఒకామె ఉండె. నాట్లకు, కలుపుకు పోయే కూలి మనిషి, నడుము వంగిపోయింది. రోజు నేను రంగులేస్తుంటే చీపురు పట్టుకొని నిలబడి జూస్తుండె. ఆనాడు దగ్గరికొచ్చి వంగి బల్ల కింద జూసి, "బిడ్డా, దేవుని కాళ్ళు యాడున్నయ్?" అన్నది.

క్యాలెండర్ల లేవమ్మా అన్న. "క్యాలెండర్ల లేకుంటే దేవునికి కాళ్ళు లేవా? నా నడుము లేవది, మొఖం దాకా నా చెయ్యి అందదు. నాకు అందేటివి కాళ్ళే గద బిడ్డా" అన్నది.

ఆ రాత్రి నిద్ర పట్టలే. ఫాదర్ ఆ వారం ఊర్ల లేడు, అడుగుదామంటే. పొద్దుగాల లేస్తె మా నాయిన వాకిట్ల మంచం మీద కూసోని కాళ్ళు కిందికి ఏలాడేసిండు. అప్పుడే చేన్లకెళ్ళి నీళ్ళు కట్టి వచ్చిండు. ఏండ్ల తరబడి నల్లరేగడి తొక్కిన కాళ్ళు. ఏళ్ళు ఎడంగ పరుచుకొని ఉంటయి, ఎడమ కాలు బొటనేలి గోరు నాగలి కర్రు తగిలి చీలింది, మల్ల సక్కగ పెరగలే. నాయినా, జర అట్లనే కూసో అన్న. బొగ్గుతోని గీసుకున్న. పొద్దెక్కేదాకా కదలకుండ కూసున్నడు, ఎందుకని అడగలే. ఆ కాళ్ళే ప్రభువుకు పెట్టిన. చీలిన గోరుతోని సహా. శిష్యులకు గూడ ఊర్లె యాదికొచ్చినోళ్ళ కాళ్ళు పెట్టిన. వడ్లాయన కాళ్ళు, బస్టాండు కాడ బండి గుంజేటాయన కాళ్ళు.

ఫాదర్ వచ్చి జూసిండు. శానాసేపు మాట్లాడలే. నేను తప్పు చేసిన్నేమో అని గుండె కొట్టుకున్నది. ఆయన టోపీ తీసి చేతిల పట్టుకొని చెప్పిండు: "నీకు తెలియదు. మా ఊరి గోడ మీద కూడ ప్రభువుకు పాదాలు లేవు."

1652ల ఆ మఠం వాళ్ళు వంటింటి దిక్కు దారి కోసం అదే గోడకు తలుపు కొట్టుకున్నరట. ఆ తలుపు నెత్తి సరిగ్గ ప్రభువు పాదాల తానికి వచ్చింది. అంత గొప్ప బొమ్మకు అట్ల చేసిండ్రు. అప్పటికే ఆ బొమ్మ సగం పోయింది. లియోనార్డో పచ్చి సున్నం మీద గాకుండ ఎండిన గోడ మీద రంగులు ఏసిండు, ఇరవై ఏండ్లు తిరక్కముందే పొక్కులు లేసి రాలుడు మొదలైంది. 1943 ఆగస్టుల లడాయి బాంబులు పడి ఆ సావడి పైకప్పు, పక్క గోడ కూలినయి. ఇసుక బస్తాలు అడ్డం పెట్టిండ్రు గనుక బొమ్మ గోడ ఒక్కటి నిలబడ్డది. ఫాదర్ అప్పటికే మన దేశంల ఉన్నడు. ఆ కబురు ఇని ఏడ్చిన అన్నడు.

మరి ఆడ పాదాలు ఉండెనని ఎట్ల ఎరుక అని అడిగిన. ఇగో, నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే. లియోనార్డో శిష్యుడు జంపియెత్రీనో అని ఒకడు, 1520 ప్రాంతంల, రంగు ఇంకా పూరా రాలకముందే, ఆ బొమ్మను గుడ్డ మీద నకలు గీసిండు. మాలెక్కనే, జూసి గీసిండు. తలుపు కొట్టక ముందటి పాదాలు అందుల ఉన్నయి. యూదా మోచెయ్యి తగిలి ఉప్పు గిన్నె బోర్ల పడ్డది గూడ అందుల సాఫ్‌గ కనబడతది, గోడ మీద అది మాసిపోయింది. ఆ నకలు ఇప్పుడు లండన్‌ల ఉన్నది. గోడను బాగు చేసే పని ఇరవై ఏండ్లకు పైగా నడిచి 1999ల ముగిసింది. ఆ పని చేసినోళ్ళు గూడ ఈ నకలు ముంగల పెట్టుకొని యాడేముండెనో జూసుకున్నరు. అసలుది ఏందో నకలు చెప్పింది బిడ్డా.

పట్నంల చదువుకున్న పోరలు కొందరు నన్ను "నకలు పెయింటర్" అంటుండ్రి. నాకు శానా బాధ అయితుండె. ఆ మాట పట్టుకొని ఫాదర్ తాన కూసున్న. ఆయన అక్బర్ పాదుషా ముచ్చట చెప్పిండు. 1580ల ఏసు సభ స్వాములు ఫతేపూర్ సిక్రీ పోయినప్పుడు రోములున్న మరియమ్మ పటానికి నకలు ఒకటి తీసుకపోయిండ్రట. పాదుషా తన ముసవ్వర్లను పిలిచి ఈ బొమ్మలు గీయుండ్రి అన్నడు. కేశవదాసు అనే ఆయన జెరోము పునీతుణ్ణి గీసిండు. 1600ల అబుల్ హసన్ అని ఒక పోరడు, డ్యూరర్ అనే జర్మనీ ఆయన అచ్చు బొమ్మ జూసి యోహాను పునీతుణ్ణి గీసిండు. బాధతోని చేతులు కలిపి పట్టుకున్న యోహాను. దాని మీద తన వయసు గూడ రాసుకున్నడు, పదమూడో ఏడు అని. చిన్నోడా, నీ అంత పోరడు! తర్వాత జహంగీర్ కొలువుల అందరికంటె పెద్ద చిత్రకారుడు ఆయనే అయిండు. నకలు గీసిన చెయ్యే అది.

మన సాలార్‌జంగ్ మ్యూజియంల ముసుగేసుకున్న రెబెక్కా బొమ్మ జూసిండ్రు గద పోయిన ఏడు. పాలరాయిల పల్చటి ముసుగు, లోపల మొఖం కనబడతది. 1876ల మొదటి సాలార్‌జంగ్ రోముల కొన్నడు. బెంజోని అనే శిల్పి అదే రెబెక్కాను ఒక్కసారి కాదు, శానాసార్లు చెక్కిండు, అమెరికాల గూడ ఉన్నయి. మరి మనదాన్ని నకలు అని ఎవరన్న అంటున్నరా? లైన్ల నిలబడి జూస్తున్నరు.

మెదక్ చర్చి గూడ జూసి వచ్చిన నేను, పనిగట్టుకొని. 1914ల మొదలుపెట్టి 1924 క్రిస్మస్‌కు తెరిచిండ్రు, కరువుల మందికి పని పెట్టి బువ్వ పెట్టిన గుడి అది. దాని అద్దాల కిటికీలల్ల ఏసు పుట్టుక, సిలువ, పరలోకానికి పోవుడు ఉన్నయి, ఇంగ్లాండ్‌ల ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినయి. పొద్దు ఎక్కినకొద్ది రంగు మారుతది. ఆ పని మన చేతుల లేదు. దానికి దండం పెట్టి వచ్చిన.

ఇగ మన పటం. దాన్ని గుడిల కట్టినప్పుడు కింది అంచు మనిషి నడుము ఎత్తుల వచ్చింది. ముసలమ్మ మొదలు వచ్చి వంగి ఆ పాదాలు ముట్టి కండ్లకు అద్దుకున్నది. ఆమెను జూసి ఇంకొకామె. అప్పటికెళ్ళి అదే ఆనవాయితీ అయింది. పూజ అయినంక లైను కట్టి ముట్టుకునేది. పొలం పనికెళ్ళి వచ్చిన చేతులు, పసిపోరల చేతులు, నూనె చేతులు, ఎవరినీ ఎవరూ ఆపలే. మా నాయిన సచ్చిపోయినంక నేను గూడ పండుగకు పోయి ముట్టుకొని వచ్చేది. ఆడ అందరు ప్రభువు పాదాలనుకుంటుండ్రి. నాకు మాత్రం చీలిన గోరు ఎరుకే గద.

ఫ్లెక్సీలు వచ్చినంక బోర్డులు రాసే పని పోయింది. అది మీకు ఎరుకే, మీ నాయిన కంపెనీల చేరింది అందుకే. ఆ గుడిని గూడ పెద్దగ కట్టిండ్రు, స్లాబు ఏసిండ్రు. పటం తీసి ఎనుక అర్రల గోడకు ఆనిచ్చి పెట్టిండ్రు. రెండు వానకాలాలు ఆడనే ఉన్నది, ఒక మూలకు నీళ్ళు తాగింది. నాకు తెలిసి పోయి అడిగితే తీసుకపో తాతా అన్నరు. ఆటోల ఏసుకొని తెచ్చిన.

ఇంటికి తెచ్చి ఎండల పెట్టి జూసిన. మొఖాలు బాగనే ఉన్నయి. మరియమ్మకు పెట్టే నీలమే ప్రభువు భుజం మీద పెట్టిన, అది అట్లనే ఉన్నది. పాదాల తాన మాత్రం రంగు లేదు. ఇన్నేండ్లు ఇందరి చేతులు పడి పడి రంగు అరిగి, సరేసు అరిగి, మార్కీను గుడ్డ పోగులు కనబడుతున్నయి. రోముల పేతురు కంచు బొమ్మ ఉన్నది, మొక్కేటోళ్ళు ముట్టి ముట్టి దాని కుడి పాదం ఏళ్ళు అరిగి నున్నగైనయట. ఇది గుడ్డ గద, ఎంతకని ఓరుస్తది.

మీ నాయిన అన్నడు, "నాయినా, నీ చెయ్యి ఇంకా వణుకుతలేదు, ఆ రెండు పాదాలు మల్ల ఎయ్యి" అని. రంగు గూడ తెచ్చి పెట్టిండు. నేను ఎయ్యలే. ఎయ్య గూడ ఎయ్య.

రేపు పొద్దున ఇద్దరు పట్టుకొని అటక మీదికెళ్ళి దించుండ్రి, చిన్నోనికి చూపియ్యాలె. దుమ్ము ఉంటే పొడి గుడ్డతోనే దులుపుండ్రి, తడి గుడ్డ పెట్టకుండ్రి, రంగు లేస్తది. పాదాల తాన అయితే అసలే దులపకుండ్రి. ఆడికి నన్ను పిలువుండ్రి.